తోడుపెట్టిన ఆదివారం

ఫ్రీజర్‌లో దాచిన తల్లిపాలు కరిగించినప్పుడల్లా, ఆ పాలు తీసిన పూట ఆ తల్లి ఎలా ఉందో అలాగే వచ్చి వంటింట్లో నిలబడుతుంది. బిడ్డ ఆఖరి చుక్క తాగేసరికి వెళ్ళిపోతుంది. ఇది అందరికీ తెలిసిన సంగతే కనుక, ఇందుమతి ప్రసవం సెలవు పూర్తయి ఉద్యోగంలో చేరబోయే ముందు ఆ ఇంట్లో దీని గురించి పెద్ద చర్చేమీ జరగలేదు. ఫ్రీజర్‌లో చోటెంత ఉందన్నదే చర్చ. ఆమె భర్త మురారి బఠాణీల సంచీ, ఎప్పటిదో ఐస్‌క్రీం డబ్బా బయటపెట్టి, "ఇంకేం, ఓ నెల తల్లులు పడతారు" అన్నాడు.

నగరపాలక సంస్థలో దీనికో విభాగం ఉంది. పాలు కరిగితే వచ్చే ఆవిడను కాయితాల మీద కరుగుతల్లి అంటారు. ఆ విభాగం వాళ్ళు ఇంటింటికీ పంచిన నియమాల కాయితం ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంది. ప్యాకెట్ నిండా పొయ్యకూడదు, పైన కాస్త ఖాళీ వదలాలి. లేకపోతే వచ్చిన తల్లికి ఊపిరాడదు. తలుపు అరలో పెట్టకూడదు. ఆ అర మాటిమాటికీ వెచ్చబడుతుంది కనుక అక్కడి తల్లి ఏ పాటనీ చివరిదాకా పాడలేదు. మైక్రోవేవ్‌లో పెడితే ఒక చెయ్యి కాలుతూ, ఇంకో చెయ్యి గడ్డకట్టి వస్తుంది. సీసాని గట్టిగా కుదిపితే తల్లికి కళ్ళు తిరుగుతాయి. గోరువెచ్చటి నీళ్ళ గిన్నెలో ఉంచి, మెల్లిగా తిప్పాలి. ముందు తీసినవి ముందు వాడాలి. బిడ్డ తాగగా మిగిలినవి దాచకూడదు. ఒకసారి కరిగిన తల్లిని మళ్ళీ గడ్డకట్టించకూడదు. ఎందుకో అందులో రాయలేదు, ఎవరూ అడగలేదు.

అలవాటైపోయిన వింత వింతలా కనబడదు గానీ, అప్పుడప్పుడూ అది తన సంగతి తాను గుర్తు చేస్తుంది. కిందటి వేసవిలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి ఆ వీధిలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కరెంటు లేదు. అన్ని ఇళ్ళలోనూ ఫ్రీజర్లు ఒక్కొక్కటే కారడం మొదలుపెట్టాయి. ముందు వంటిళ్ళు నిండాయి, తర్వాత వసారాలు, తర్వాత మెట్లు. నైటీల్లో, నలిగిన చీరల్లో, ఒకరు ఆస్పత్రి గౌనులో, ఒకరు జడ సగం వేసుకుని, అందరూ కలిసి జోకొట్టడానికి చేతులు చాచి నిలబడ్డారు. అంతమంది తల్లులు ఒక్కసారి గొంతు కలిపి పాడితే ఎలా ఉంటుందో ఆ వీధి వాళ్ళు ఆ ఒక్కనాడే విన్నారు. కరెంటు ఆఫీసు మీదికి గొడవకని బయల్దేరిన మగవాళ్ళు చెప్పులు విడిచేసి గోడకానుకుని ఉండిపోయారు. లైన్‌మన్ స్తంభం దిగకుండా పైనే కూర్చుని ఏడ్చాడు. తర్వాత కరెంటొచ్చింది, నష్టం అంచనా వెయ్యడానికి విభాగం వాళ్ళు కూడా వచ్చారు.

ఇందుమతి పనిచేసేది లెక్కల ఆఫీసులో. ఆమె చేరిన రోజునే సూపరింటెండెంట్ కొండలరావుగారు ఒక సర్క్యులర్ చేతికిచ్చారు. కరుగుతల్లి సౌకర్యం ఉన్న ఉద్యోగినులు సాయంత్రం పెందలాడే వెళ్ళడానికి అనుమతి అడగనవసరం లేదనీ, వారు అప్పటికే ఇంట్లో ఉన్నారనీ అందులో ఉంది. ఇందుమతి రెండుసార్లు చదివింది. తప్పు ఎక్కడుందో దొరకలేదు, సంతకం పెట్టింది.

ఆమెకు కావలసింది ఒక్కటే. సాయంత్రం తలుపు తియ్యగానే కూతురు తనని గుర్తుపట్టి నవ్వాలి. పిల్ల అసలు పేరు సంహిత, నాయనమ్మ భ్రమరాంబ పెట్టుకున్న పేరు బుడంకాయ. పొద్దున్న ఒక తల్లి, మధ్యాహ్నం ఒక తల్లి వచ్చి పాలు పట్టి పోతుంటే, సాయంత్రం వచ్చిన ఈవిడ ఎవరా అన్నట్టు బుడంకాయ తేరిపార చూసేది. నవ్వాలా ఏడవాలా అని కాసేపు ఆలోచించుకునేది. ఆ కాసేపూ ఇందుమతి గుమ్మంలో చెప్పులతోనే నిలబడేది.

ఆఫీసులో పాలు తీసుకోవడానికి విరిగిన కుర్చీలు పడేసే గది ఇచ్చారు. గడియ సరిగ్గా పడదు. ఫ్యాన్ కోసమో, ఫైల్ కోసమో ఎవరో ఒకరు తలుపు తడుతూనే ఉంటారు. ఆ గదిలో తీసిన పాలు కరిగిస్తే వచ్చే ఇందుమతి కూడా ఆ గదిలోంచి వచ్చినట్టే ఉండేది.

"నిన్నటి నువ్వు బొత్తిగా బాగోలేదమ్మాయ్," అంది భ్రమరాంబ ఒకరోజు, చిక్కుళ్ళు ఈనెలు తీస్తూ. "కుక్కర్ కూత పెడితే చాలు, ఉలిక్కిపడి పైట సర్దుకుంటుంది. పిల్ల వంక చూడదు, గడియారం వంక చూస్తుంది. దాన్ని చూసి బుడంకాయ కూడా గడియారం చూడ్డం నేర్చింది."

"పోనీ అంతకుముందుదో, అత్తయ్యా?"

"దాని మాట చెప్పకు. ఎవరో కొండలరావుట, ఆయన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా పాలు పట్టి వెళ్ళింది."

"రేపు బాగుంటానత్తయ్యా," అంది ఇందుమతి. నిజంగానే ప్రయత్నించింది. ఫోన్‌లో పిల్ల ఫొటో ఎదురుగా పెట్టుకుని, విరిగిన కుర్చీల మధ్య కూర్చుని నవ్వింది. వచ్చిన తల్లి మూతి నవ్వుతూ కళ్ళు బెదురుతూ వచ్చింది. పాలకు నటన చేతకాదు. పైగా అవి తగ్గిపోతున్నాయి కూడా. మొదట ప్యాకెట్ నిండేది, తర్వాత సగానికి దిగింది, ఆ తర్వాత అడుగు తడిస్తే గొప్ప అన్నట్టయింది.

అలాంటి రోజుల్లో భ్రమరాంబ ఫ్రీజర్ గోడలకు పట్టిన మంచు గీకుతుంటే, మురారి మళ్ళీ తెచ్చి పడేసిన బఠాణీల కింద ఒక ప్యాకెట్ దొరికింది. ముందు తీసినవి ముందు వాడాలన్న నియమం ప్రకారం ఎప్పుడో అయిపోవలసింది. దాని మీద ఇందుమతి చేతిరాతతో "ఆదివారం, వాన" అని ఉంది.

అది సెలవులో ఆఖరి ఆదివారం. ఆవేళ భ్రమరాంబే కోడలికి నలుగుపెట్టి తలంటి పోసి, సాంబ్రాణి పొగ వేసింది. పిల్ల కడుపునిండా తాగి నిద్రపోయింది. కిటికీ బయట వాన పట్టుకుంది. ఇందుమతి తడిజుట్టు వీపున ఆరబోసుకుని, ఏదో కూనిరాగం తీస్తూ, మిగిలిన పాలు తీసి పెట్టింది. మనిషి బతుకులో ఏ పనీ తరుముకురాని మధ్యాహ్నాలు ఎన్నో ఉండవు. అందులో ఒకటి ఒక ప్యాకెట్‌లోకి ఎక్కిందని అప్పుడామెకు తెలీదు.

ప్యాకెట్ గోరువెచ్చటి నీళ్ళలో కరుగుతుండగానే వంటింట్లో సాంబ్రాణి వాసన వచ్చింది. తర్వాత ఇందుమతి వచ్చింది. కళ్ళకింద నలుపు లేదు. తడిజుట్టు చివరి నుంచి నీటిచుక్కలు నేల మీద పడుతున్నాయి. పిల్లను ఎత్తుకుని, "వాన తగ్గిందా అత్తయ్యా? మేడ మీద బట్టలున్నాయి," అంది. బయట ఎండ పెళపెళలాడుతోంది. భ్రమరాంబ కోడలిని చూసి, చేతిలో అట్లకాడ పక్కన పెట్టేసి, ఎందుకో ఒకసారి కళ్ళొత్తుకోవాలనిపించి పైటచెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. బుడంకాయ ఆ మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని పాలు తాగింది. సీసా అడుగున కాసిని వదిలేసి నిద్రపోయింది.

తల్లిపాలు నలుగురూ తొక్కేచోట పారబొయ్యకూడదు, మొక్క మొదట్లో పొయ్యాలి. భ్రమరాంబకు ఆ పట్టింపు ఉంది. ఎప్పుడు మిగిలినా కిందికి దిగి జామచెట్టుకి పోసి వచ్చేది. బాల్కనీలో కుండీలుండేవి గానీ ఏసీ డబ్బా పెట్టించినప్పుడు మురారి తీయించేశాడు. ఆవేళ లిఫ్ట్ పనిచెయ్యడం లేదు, ఆవిడ మోకాళ్ళు అంతకంటే చెయ్యడం లేదు. సింకులో పొయ్యడానికి చెయ్యి రాలేదు. ఇంట్లో పాలు మిగిలితే పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఏం చేస్తోందో అదే చేసింది. కాచి చల్లార్చిన పాలు చిన్న స్టీలు గిన్నెలో పోసి, ఈ కాసినీ అందులో కలిపి, చెంచాడు పెరుగు వేసి మూతపెట్టింది. తల్లిపాలు పేరుకోవని డాక్టర్లంటారు. భ్రమరాంబ డాక్టర్ల దగ్గర పెరుగు తోడుపెట్టడం నేర్చుకోలేదు.

మర్నాడు పొద్దున గిన్నెలో పెరుగు గడ్డలా పేరుకుంది. ఊయల పక్కన ఆదివారం ఇందుమతి అలాగే ఉంది. జుట్టు ఇంకా ఆరలేదు.

బుడంకాయకు అప్పుడే మెత్తటి అన్నం అలవాటు చేస్తున్నారు. ఆ గిన్నెలో పెరుగు పిల్ల అన్నంలోకి కలిపి, ఒక చెంచా మర్నాటికి అట్టేపెట్టి, దాంతో మళ్ళీ తోడుపెట్టేది భ్రమరాంబ. పెరుగన్నది ఏ ఇంట్లోనూ అయిపోదు. ఇవాళ్టి గిన్నెలోంచి రేపటి గిన్నె పుడుతుంది. ఆదివారం ఇందుమతి కూడా వెళ్ళలేదు. ఆమె అన్నం తినదు, నిద్రపోదు, అలిసిపోదు, ఎవర్నీ విసుక్కోదు. పిల్లను చూడడం తప్ప ఆమెకు వేరే పని లేదు. అంత ఓపిక ఒక మనిషిలో ఉండగలదని చూసి, పక్క వాటాల వాళ్ళు కూడా ఏదో వంకన వచ్చి, ఆమె పాట వింటూ కాసేపు కూర్చుని వెళ్ళేవారు.

అసలు ఇందుమతి మొదటి సాయంత్రం గుమ్మంలో ఆగిపోయింది. ఎదురుగా ఉన్నది తన మొహమే. కానీ ఆ మొహం తనకుండేదని మర్చిపోయి చాలా రోజులైంది. ఆమెకు కోపం రాలేదు. గర్భగుడి గడప దగ్గరకు వచ్చినట్టు చెప్పులు బయటే విడిచింది.

"రా అక్కా, కూర్చో," అంది ఆదివారం ఇందుమతి. తనకంటే కొన్ని నెలలు పెద్దది కదా అని అలా పిలిచింది. "బాగా అలిసిపోయినట్టున్నావు. వానలో వచ్చావా?"

"లేదు. బస్సులో వచ్చాను," అంది ఇందుమతి. సంచీ గోడకానించి అడిగింది. "నువ్వింత హాయిగా ఎలా ఉన్నావు?"

"నాకేం? పిల్ల పడుకుంది, వాన పడుతోంది."

"మరి రేపు?"

"రేపేంటి?" అంది ఆమె, నిజంగానే అర్థం కాక.

పాలు పూర్తిగా ఇంకిపోయిన వారంలోనే బుడంకాయ మొదటిసారి "అమ్మ" అంది. తడిజుట్టు కొస నోట్లో పెట్టుకుని, ఆదివారం ఇందుమతి కళ్ళలోకి చూస్తూ అంది. ఆ మాట అసలు ఇందుమతికి మురారి ఫోన్ చేసి చెప్పాడు. ఆమె విరిగిన కుర్చీల గదిలోకి వెళ్ళి తలుపు మూసుకుంది. తియ్యడానికి పాలు లేవు. కన్నీళ్ళు వచ్చాయి, వాటిని దాచడానికి ఏ ఏర్పాటూ లేదు.

ఆమె కరుగుతల్లుల విభాగంలో ఫిర్యాదు చేసింది. తనిఖీ అధికారి పరంజ్యోతి అనే పెద్దాయన వచ్చాడు. ఫ్రిజ్ తెరిచాడు, గిన్నె మూత తీసి వాసన చూశాడు.

"ఆవిడ ఎప్పుడు వెళ్తుందండీ?" అడిగింది ఇందుమతి.

"పాలు అయిపోతే వెళ్ళాలి మేడమ్. విరిగిపోయినా వెళ్ళాలి. ఇవి అయిపోనూ లేదు, విరగనూ లేదు. పెరుగయ్యాయి. మా రూల్సులో పెరుగు లేదు."

"మరి నేను?"

"మీకిప్పుడు పాలున్నాయా అమ్మా?"

"లేవండి."

"ఉద్యోగం?"

"ఉంది."

"అయితే మిమ్మల్ని మూలం అని రాస్తాను. ఆవిణ్ణి తల్లి అని రాస్తాను. పేరు ఒకటే కనుక కార్డులేవీ మార్చక్కర్లేదు, మీకు తిరుగుడు తప్పింది."

రాసుకోవడం అయ్యాక ఆయన వెంటనే వెళ్ళలేదు. గదిలోంచి కూనిరాగం వినిపిస్తోంది. గుమ్మం దగ్గర, టోపీ తీసి చేత్తో పట్టుకుని, పాట అయ్యేదాకా నిలబడ్డాడు. "నేను పుట్టేనాటికి ఫ్రిజ్‌లు లేవమ్మా," అని మాత్రం అని, కళ్ళు తుడుచుకుని మెట్లు దిగాడు.

భ్రమరాంబ చెడ్డ మనిషి కాదు. కోడలి మొహం చూసి కాసిని మంచినీళ్ళు తెచ్చిచ్చింది. "పోనీ ఓ పని చేద్దాం," అంది. "పిల్ల నిన్ను ఏదో ఒకటి పిలవాలిగా. తల్లికి అక్కవి కనుక పెద్దమ్మ అందాం. పెద్దమ్మంటే మాత్రం తక్కువా?" మురారికి ఈ ఏర్పాటు నచ్చింది. "నీకూ బెంగ తీరిపోయినట్టే ఇందూ. ఇంట్లో అమ్మ ఉందన్న నిశ్చింతతో ఆఫీసు పని చేసుకోవచ్చు," అన్నాడు. ఆదివారం ఇందుమతి ఆ రోజు నుంచే పిల్లకు "పెద్దమ్మ ఏదీ? పెద్దమ్మ ఏదీ?" అని నేర్పడం మొదలుపెట్టింది. ఆమెకు ఎవరి మీదా ఏ కల్మషమూ లేదు.

ఒక ఆదివారం భ్రమరాంబ చెల్లెలి కూతురి పెళ్ళికి పొరుగూరు వెళ్ళవలసి వచ్చింది. మురారిని కూడా వెంటబెట్టుకుని వెళుతూ, కోడలికి అప్పగింతలు పెట్టింది. "గిన్నెలో పెరుగు పిల్లకు కలిపెయ్. ఒక్క చెంచా మాత్రం అట్టేపెట్టి మధ్యాహ్నం తోడుపెట్టు. మర్చిపోయేవు సుమా," అని గుమ్మం దాటింది. ఆవిడ చేతిలోంచి ఆ గిన్నె ఇన్నాళ్ళకి మొదటిసారి కోడలి చేతిలోకి వచ్చింది.

మధ్యాహ్నం బుడంకాయ అన్నం తిన్నాక ఇందుమతి వంటింట్లో నిలబడి గిన్నెలోకి చూసింది. అడుగున ఒక్క చెంచా ఉంది. మర్చిపోతే చాలు. అది కూడా అక్కర్లేదు, వేలితో తీసి నోట్లో పెట్టుకుంటే చాలు. ఇంట్లో ఒక్కతే ఇందుమతి మిగులుతుంది. పిల్ల ఏడుస్తుంది, ఒకరోజో పదిరోజులో ఏడుస్తుంది, తర్వాత అదే మొహం కదా, అలవాటు పడుతుంది. ఆమె వేలు గిన్నె అంచు దాకా వెళ్ళింది.

"తోడు పెడుతున్నావా అక్కా?" ఆదివారం ఇందుమతి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "నేను పెట్టలేను. నా చేత్తో వేస్తే పేరుకోదుట, అత్తయ్య చెప్పింది."

"పెట్టకపోతే ఏమవుతుందో నీకు తెలుసా?"

"తెలీదు," అంది ఆమె నవ్వుతూ. "అది రేపటి సంగతి కదా."

ఇందుమతి ఆ మొహంలోకి చూసింది. భయం లేదు, వేడుకోలు లేదు. ఇంతటి నెమ్మది ఒకనాడు తన ఒంట్లో పుట్టింది. తన ఒంట్లోంచే బొట్టుబొట్టుగా దిగింది. తనను తాను మొక్కుకోవడం ఎవరికీ అలవాటుండదు కనుక చేతులు ఏం చెయ్యాలో తెలీక గిన్నెను పట్టుకున్నాయి.

అప్పుడే బుడంకాయ పాక్కుంటూ వంటింట్లోకి వచ్చింది. గుమ్మం దగ్గరున్న తల్లి కాళ్ళు దాటుకుని ముందుకొచ్చింది. ఇందుమతి చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడి, తలెత్తి, రెండు చేతులూ చాచి, బోసినోటితో నవ్వింది. ఆలోచించుకోకుండా నవ్వింది.

"పెద్దమ్మ," అంది.

ఇందుమతి పిల్లను ఎత్తుకుని మెడ వంపులో మొహం దాచుకుంది. పిల్ల వంటికి పాలవాసన, సాంబ్రాణి వాసన. ఇన్ని నెలల్లో తనను గుర్తుపట్టి నవ్విన మొదటి నవ్వు అది. ఆ నవ్వు పెద్దమ్మది. రేపు పొద్దున అమ్మ కనబడకపోతే, ఈ పిల్ల ఈ పెద్దమ్మ మొహంలో అమ్మను వెతుక్కుంటుంది, దొరకదు. తను ఇంట్లో ఉండి ఆ వెతుకులాట చూడడానికి కూడా వీల్లేదు. రేపు సోమవారం.

పిల్లను తల్లికి అందించింది. పాలు కాచింది, చల్లార్చింది. వేడి సరిపోయిందో లేదో చూడడానికి, సీసా పట్టే రోజుల్లో చూసినట్టే, మణికట్టు లోపలివైపు ఒక చుక్క వేసుకుంది. ఆ చెంచా పెరుగు పాలలో వేసి, మెల్లిగా తిప్పి, మూతపెట్టింది. గాలి తగలని చోట, బియ్యం డబ్బా వెనకాల పెట్టింది.

సోమవారం పొద్దున పెరుగు బాగా పేరుకుంది. ఇందుమతి వేళకే ఆఫీసు చేరింది. బయట సన్నగా వాన మొదలైంది. కిటికీ దగ్గర నిలబడి చూసే తీరిక లేదు కనుక ఆమె చూడలేదు. కొండలరావుగారు ఫైళ్ళ కట్ట బల్ల మీద పెడుతూ, ఇవాళ కాస్త ఆలస్యమవుతుందన్నారు. ఆయన కూడా పిల్లలు గల మనిషే. మర్యాదకు అడిగారు.

"ఇంటిదగ్గర పాపను చూసుకోవడానికి ఎవరైనా ఉన్నారామ్మా?"

ఇందుమతి ఫైల్‌లోంచి తలెత్తకుండానే జవాబు చెప్పింది.

"వాళ్ళమ్మ ఉందిగా సార్."